3 అడుగుల మొక్కల ట్యాంకు, అన్నీ ఆసియా చేపలే: బెంగళూరు నీళ్లలో ఏవి, ఎన్ని, ఏ వరుసలో

మీ ప్రశ్న ఇదీ. వైట్‌ఫీల్డ్ వైపు అపార్ట్‌మెంట్. 36 × 15 × 18 అంగుళాల ట్యాంకు. మొక్కలు నాటి 3 వారాలైంది, చేపలు ఇంకా వేయలేదు. ఆసియా చేపలు మాత్రమే ఉండాలని మీ కోరిక. షాపులో రాసిచ్చిన చీటీలో 4 టైగర్ బార్బులు, 2 డ్వార్ఫ్ గురామీలు, 4 జీబ్రాలు (జీబ్రా డానియో చేపలు), 2 సిల్వర్ షార్కులు, 1 రెడ్‌టెయిల్ షార్కు, 1 గోల్డెన్ ఆల్గీ ఈటర్ ఉన్నాయి. కొళాయిలో వచ్చేది సాఫ్ట్‌నర్ దాటి వచ్చిన బోరు నీరు, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) 780. వంటింటి ఆర్‌ఓ నీళ్లు 45. ఈ చీటీ ప్రకారం వేసేయొచ్చా అని అడిగారు.

వేయొద్దు. ఆ చీటీలో మీ ట్యాంకుకు నప్పేవి జీబ్రాలు మాత్రమే. అవి కూడా 4 చాలవు, 8 ఉండాలి, అదీ కింద ఇచ్చిన రెండో జాబితాలో. కొలతల ప్రకారం మీ ట్యాంకు 159 లీటర్లు. అడుగున మట్టి, ఇసుక, రాళ్లు, పైన వదిలే ఖాళీ తీసేస్తే అందులో ఉండే నీళ్లు 130–135 లీటర్లు. ఆ నీళ్లకు నేను చెప్పే జాబితా ఇది:

12 హార్లెక్విన్ రస్బోరాలు, 8 చెర్రీ బార్బులు, 3 హనీ గురామీలు (1 మగ, 2 ఆడ), 6 కూలీ లోచులు, 6 అమానో రొయ్యలు.

దీంతో ట్యాంకు నిండినట్టే. ఇంకో 5 చేపలు పడతాయేమో అనిపిస్తుంది, కానీ అక్కడ ఆగండి. అయితే ఈ జాబితాకు ఒక షరతు ఉంది. మీ కొళాయి నీళ్లు నేరుగా పోస్తే ఇది పనిచేయదు. నీళ్లలో లవణాలు తూచి కలుపుకునే ఓపిక లేకపోతే కింద రెండో జాబితా ఇచ్చాను, అది తీసుకోండి. రెండిటినీ కలిపి మాత్రం వేయకండి.

ఆసియా అంటే ఒకే నీళ్లు కాదు

"అన్నీ ఆసియా చేపలే కదా, ఒకదానితో ఒకటి సర్దుకుపోతాయి" అనుకోవడం దగ్గరే చాలా ట్యాంకులు తప్పుదారి పడతాయి. హార్లెక్విన్ మలయా, సుమత్రా అడవుల్లోని వాగుల చేప. ఆకులు నాని టీ డికాక్షన్ రంగుకు తిరిగిన, ఉప్పు లవణాలు దాదాపు లేని, కాస్త పులుపు నీళ్లు దానివి. కూలీ లోచ్ కూడా అలాంటి చోటిదే. జీబ్రా గంగా మైదానపు కాలువల్లో, పొలాల పక్క గుంటల్లో తిరిగే చేప, ఏ నీళ్లకైనా తట్టుకుంటుంది. మయన్మార్‌లోని ఇన్లే సరస్సు చేపలది పూర్తిగా వేరే లోకం. అది సున్నపురాయి నేల, నీళ్లు గట్టివి, పీహెచ్ 8 దగ్గర్లో ఉంటుంది. ఇక మన పశ్చిమ కనుమల డెనిసన్ బార్బుకు చల్లగా, వడిగా పారే, ఆక్సిజన్ దండిగా ఉన్న నీళ్లు కావాలి. ఖండం ఒకటే గానీ నీళ్లు నాలుగు రకాలు. కాబట్టి ముందు మీ దగ్గర ఉన్న నీళ్లేమిటో తేల్చుకోండి, చేపలను తర్వాత ఎంచుకోండి.

ఫారాల్లో పుట్టి పెరిగిన హార్లెక్విన్లు అడవి వాటికంటే ఓర్పు గలవే. జీహెచ్ (నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియంల కొలత) 10–12 దాకా వాటికి ఇబ్బంది ఉండదు. అది దాటితే చచ్చిపోవు గానీ, ఆ రాగి ఎరుపు రంగు తేలదు, మూలల్లో నక్కి ఉంటాయి, ఎక్కువ కాలం బతకవు.

అసలు చిక్కు మీ సాఫ్ట్‌నర్

బెంగళూరు అపార్ట్‌మెంట్లలో మొక్కల ట్యాంకులు పాడవడానికి నేను ఎక్కువగా చూసే కారణం ఇదే, అందుకే కాస్త వివరంగా చెబుతాను. సాఫ్ట్‌నర్ నీళ్లలోని లవణాలను తీసేయదు. కాల్షియం, మెగ్నీషియం పట్టుకుని వాటి బదులు సోడియం వదులుతుంది. అందుకే సబ్బు బాగా నురగ వస్తుంది, గీజర్‌లో తెల్లటి పొర కట్టదు, కానీ టీడీఎస్ మాత్రం తగ్గదు. మీ 780 అలాంటిదే. జీహెచ్ కొలిస్తే 1 లేదా 2 చూపిస్తుంది. అది చూసి "మెత్తటి నీళ్లే" అనుకుంటారు. కేహెచ్ (పీహెచ్‌ను నిలబెట్టే బైకార్బొనేట్ల కొలత) కొలవండి, 12, 15, ఒక్కోసారి ఇంకా ఎక్కువ ఉంటుంది. సాఫ్ట్‌నర్ దాన్ని ముట్టుకోదు. పీహెచ్ 8 దాటి నిలబడేది అందువల్లే.

అంటే మీ కొళాయిలో వచ్చేది కాల్షియం లేని, సోడియం నిండిన, క్షారపు నీరు. ఈ చేపల సొంత వాగుల్లో ఇలాంటి నీరు ఉండదు. మొక్కల్లో ఇది ముందుగా కొత్త ఆకుల మీద తెలుస్తుంది. లేత ఆకులు మెలితిరిగి, చిన్నగా, అంచులు ముడుచుకుని వస్తాయి. అది చూసి ఐరన్ లోపమనుకుని ఎరువు పోస్తారు, పాచి పెరుగుతుంది, ఆకులు మాత్రం మారవు. రొయ్యలు పాత పెంకు వదిలేటప్పుడు చచ్చిపోతాయి, ఎందుకంటే కొత్త పెంకుకు కాల్షియం లేదు. మీరు ఖరీదైన ఆక్వాసాయిల్ (మొక్కల కోసం అడుగున పరిచే మట్టి గుళికలు) వేసి ఉంటే, ఇంత కేహెచ్ ఉన్న నీళ్లు దాని పీహెచ్ తగ్గించే గుణాన్ని కొన్ని వారాల్లోనే తినేస్తాయి.

మీరు చేయగలిగినవి రెండు.

ఒకటి, సాఫ్ట్‌నర్‌కు ముందున్న బోరు నీళ్లు పట్టుకోవడం. అసోసియేషన్ ప్లంబర్‌ను అడిగితే ప్లాంటు దగ్గర కొళాయి చూపిస్తాడు. తోటకు వాడే కొళాయి నీళ్లు మాత్రం తేవద్దు. పెద్ద అపార్ట్‌మెంట్లలో తోటకు, ఫ్లష్‌లకు వెళ్లేది మురుగు శుద్ధి ప్లాంటు నుంచి వచ్చే నీరు. చూడ్డానికి తేటగానే ఉంటుంది, చేపలకు పనికిరాదు.

రెండు, ఆర్‌ఓ నీళ్లు కలుపుకోవడం. మీ మొదటి జాబితాకు దారి ఇది. లెక్క సులువు: 4 వంతులు ఆర్‌ఓ, 1 వంతు కొళాయి నీరు. 780లో ఐదో వంతు 156, 45లో నాలుగైదో వంతులు 36, మొత్తం 192. వారానికి 35 లీటర్లు మార్చాలంటే 28 లీటర్ల ఆర్‌ఓ, 7 లీటర్ల కొళాయి నీరు. ఇంటి ఆర్‌ఓ గంటకు 10–15 లీటర్లు ఇస్తుంది కాబట్టి 2–3 గంటల పని. బయటికి పోయే నీళ్లు బకెట్లలో పట్టుకుని ఇల్లు తుడవడానికి వాడుకోండి, వేసవిలో ట్యాంకర్ల మీద బతికే చోట వాటిని వదిలేయడం తప్పు.

ఆ 35 లీటర్లలో కేహెచ్ సుమారు 3 మిగులుతుంది, అది మంచిదే. జీహెచ్ మాత్రం దాదాపు సున్నా. అందుకని 35 లీటర్లకు జిప్సం 3 గ్రాములు, ఎప్సం సాల్ట్ 1.5 గ్రాములు వేయండి. జీహెచ్ 4కు వస్తుంది, అందులో మూడు వంతులు కాల్షియం, ఒక వంతు మెగ్నీషియం. టీడీఎస్ 250–300 మధ్య నిలుస్తుంది. జిప్సం అంటే కాల్షియం సల్ఫేట్ శుద్ధమైన పొడి, గోడలకు వాడే ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కాదు. అది తొందరగా కరగదు. ముందు రోజు రాత్రే డ్రమ్ములో వేసి ఎయిర్ స్టోన్ పెట్టి వదిలేయండి. బోరు నీళ్లలో కరిగి ఉండే సీఓటూ కూడా ఆ గాలికి పోతుంది. అప్పుడే పట్టిన బోరు నీటి పీహెచ్ ఒకలా, మర్నాడు ఒకలా చూపించేది అందుకే. కాబట్టి పీహెచ్ ఎప్పుడూ మర్నాడే కొలవండి.

ఆవిరై తగ్గిన నీళ్లకు బదులు పోసేది మాత్రం ఉత్త ఆర్‌ఓ నీళ్లే. లవణాలు ఆవిరవ్వవు, ట్యాంకులోనే ఉంటాయి. ప్రతిసారీ కలిపిన నీళ్లే పోస్తూ పోతే టీడీఎస్ మెల్లగా పెరుగుతుంది, ఎందుకో అర్థం కాదు.

కావేరి నీళ్లు వచ్చే రోజులుంటే ఇంత శ్రమ అక్కర్లేదు. అవి చాలావరకు సరిపోతాయి, క్లోరిన్ తీసేస్తే చాలు. 10 గ్రాముల హైపో (సోడియం థయోసల్ఫేట్) పలుకులు 100 మి.లీ. నీళ్లలో కరిగించి పెట్టుకోండి. అందులో 10 మి.లీ. 100 లీటర్లకు సరిపోతుంది. కానీ చాలా చోట్ల సంపులో కావేరి, బోరు, ట్యాంకర్ నీళ్లు అన్నీ కలిసిపోతాయి. అందుకే పేరు చూసి నమ్మకండి, నీళ్లు మార్చే ప్రతిసారీ టీడీఎస్ పెన్ను ముంచి చూడండి. జీహెచ్, కేహెచ్‌లకు చుక్కల కిట్ కొనండి. కాగితపు స్ట్రిప్పులు వద్దు, గట్టి నీళ్లలో అవి చూపించే రంగు దేనికీ సరిపోదు.

షాపు చీటీలో ఒక్కొక్కటీ ఎందుకు వద్దన్నానంటే

సిల్వర్ షార్కు పేరులో షార్కు ఉన్నా మన బొచ్చె, శీలావతిల కుటుంబపు చేపే. షాపులో 6 సెంటీమీటర్లది, పెరిగితే 30 సెంటీమీటర్లు. గుంపులో తిరిగే చేప, చిన్న శబ్దానికే అద్దానికేసి కొట్టుకుంటుంది. 3 అడుగుల ట్యాంకులో అది పెరగడం ఆగిపోతే "ట్యాంకుకు తగ్గట్టు సర్దుకుంది" అంటారు. అది సర్దుకోవడం కాదు, కుంగిపోవడం. వైట్ షార్కు, ఇరిడిసెంట్ షార్కు అని ఇంకొకటి అంటగట్టే ప్రయత్నం కూడా జరుగుతుంది. అది ఆంధ్రాలో చెరువుల్లో తిండికోసం పెంచే పంగాసియస్. మీటరు దాటి పెరిగే చేప.

రెడ్‌టెయిల్ షార్కు 12–15 సెంటీమీటర్లే పెరుగుతుంది గానీ, అడుగు భాగమంతా తనదే అనుకుంటుంది. కూలీ లోచులను, గురామీలను వెంటాడుతుంది. థాయిలాండ్ నదుల్లో ఈ చేప దాదాపు కనుమరుగైంది, షాపుల్లో ఉన్నవి ఫారం చేపలు. అందమైన చేపే, కానీ దానికి వేరే ట్యాంకు, వేరే తోటి చేపలు కావాలి.

గోల్డెన్ ఆల్గీ ఈటర్ చిన్నప్పుడు పాచి తింటుంది. 8–10 సెంటీమీటర్లు దాటాక పాచి మానేసి, వెడల్పు ఒంటి చేపల పక్కలకు అతుక్కుని వాటి ఒంటి జిగురు గీకుతుంది. గురామీలకు రాత్రిపూట జరిగే ఈ హాని పొద్దున ఎర్రటి మచ్చల రూపంలో కనిపిస్తుంది. పాచికి చేప కావాలనుకుంటే అసలైన సయామీస్ ఆల్గీ ఈటర్ అడగండి. గుర్తు ఇదీ: నల్ల గీత తోక రెక్క చివరిదాకా సాగుతుంది, గీత అంచులు కోసుగా ఉంటాయి, దాని పైన బంగారు రంగు గీత ఉండదు, రెక్కలకు రంగు ఉండదు. బంగారు గీత ఉంటే అది ఫ్లయింగ్ ఫాక్స్ అనే వేరే చేప. అసలైనదైనా 12 సెంటీమీటర్లు దాటుతుంది కాబట్టి మీ ట్యాంకులో నేను వేయను. అమానో రొయ్యలు చాలు.

టైగర్ బార్బులు గుంపు 10కి తగ్గితే తోటి చేపల మీద పడతాయి. 4 అంటే మరీ చెడ్డ సంఖ్య. గురామీకి కింద మీసాల్లా వేలాడే రెండు రెక్కలుంటాయి, వాటితోనే అది దారి తడుముకుంటుంది. టైగర్ బార్బులు ముందుగా కొరికేది వాటినే.

డ్వార్ఫ్ గురామీ విషయంలో కారణం వేరు. పెద్ద ఎత్తున ఫారాల్లో పెంచే ఈ జాతికి ఒక ఇరిడోవైరస్ అంటుకుని ఉంది. రంగు వెలిసి, ఒంటి మీద పుండ్లు లేచి, తిండి మానేసి చచ్చిపోతుంది. మందు లేదు. పైకి ఆరోగ్యంగా కనిపించే చేపలోనూ ఉండొచ్చు. అందుకే హనీ గురామీ అంటున్నాను.

మొదటి జాబితా చేపల గురించి

హార్లెక్విన్లు 12 అనడానికి కారణం ఉంది. 6 ఉంటే ట్యాంకంతా చెదిరి భయంభయంగా తిరుగుతాయి. 10 దాటాక గుంపు కడతాయి, మగవి ఒకదాని ముందొకటి రంగు చూపించుకుంటాయి. గుడ్లు వెడల్పాటి ఆకుల అడుగు వైపు పెడతాయి, ముఖ్యంగా క్రిప్టోకోరైన్ ఆకుల కింద. తల్లకిందులుగా తిరిగి ఆకుకు ఒళ్లు రుద్దుతుంటే జబ్బనుకుని మందు వేయకండి.

చెర్రీ బార్బు శ్రీలంక చేప. షాపులో ఎర్రగా ఉన్నవన్నీ మగవే, మీరు అడగకపోతే అవే వేసిస్తారు. 3 మగవి, 5 ఆడవి తీసుకోండి. ఆడవి గోధుమ రంగులో నిస్సారంగా కనిపిస్తాయి, కానీ అవి ఉంటేనే మగవాటికి ఆ చెర్రీ పండు రంగు నిలుస్తుంది.

హనీ గురామీ మన ఈశాన్యం, బెంగాల్, బంగ్లాదేశ్ వైపు చేప. 1822లో ప్రకృతి శాస్త్రవేత్త హామిల్టన్ గంగా చేపల వర్ణనల్లో దీన్నీ, జీబ్రానూ చేర్చాడు. 5 సెంటీమీటర్లు పెరుగుతుంది, బిడియం ఎక్కువ. ఇదే పేరుతో థిక్‌లిప్ గురామీని కూడా అమ్ముతారు. అది 8–9 సెంటీమీటర్లు అవుతుంది, పెదవులు మందంగా, ఒళ్లు పొడుగ్గా ఉంటుంది. నీటిపైన తేలే మొక్క ఉంటే మగది దాని కింద బుడగల గూడు కడుతుంది. అజొల్లా, వాటర్ స్ప్రైట్ ఏదైనా చాలు, ట్యాంకు పైభాగంలో మూడో వంతు కప్పితే సరిపోతుంది. ఆ గూడు నిలవాలంటే ఫిల్టర్ నీళ్లు పైన కెరటాలు లేపకూడదు. స్ప్రే బార్‌ను (ఫిల్టర్ నీళ్లు బయటికొచ్చే చిల్లుల గొట్టాన్ని) వెనక అద్దం వైపు తిప్పండి.

గురామీ పైకొచ్చి గాలి పీలుస్తుంది. మూత వేసి నీటికీ మూతకూ మధ్య 4–5 సెంటీమీటర్ల ఖాళీ ఉంచండి, ఆ గాలి వెచ్చగా ఉంటుంది. డిసెంబర్ రాత్రి కిటికీ గాలి నేరుగా తగలకూడదు. మూత ఇంకో పనికీ వస్తుంది, హార్లెక్విన్లు ఎగురుతాయి.

కూలీ లోచులకు కావలసింది మెత్తటి ఇసుక, కనీసం 3 సెంటీమీటర్లు. ఎం-శాండ్ వాడకండి. రాయి పగలగొట్టి చేసే ఆ ఇసుక గరుకంచులు వాటి పొట్టను, మూతి దగ్గరి మీసాలను గీకేస్తాయి. స్విమ్మింగ్ పూల్ ఫిల్టర్లలో వాడే గుండ్రటి సిలికా ఇసుక తెచ్చి, నీళ్లు తేటబడేదాకా కడిగి వేయండి. మీరు ఇప్పటికే అడుగున మట్టి వేశారు కాబట్టి ముందు భాగంలో 6–8 అంగుళాల వెడల్పున ఇసుక పట్టీ చేస్తే చాలు. ఫిల్టర్ పీల్చే గొట్టానికి స్పాంజి తొడగడం మరవకండి, కూలీలు అందులో దూరిపోతాయి. మేత లైటు ఆర్పాక మునిగే గుళికలు వేయాలి. పగలు వేస్తే బార్బులు వాటి వంతు కూడా తినేస్తాయి.

రెండో జాబితా: లవణాలు తూచి కలపడం కుదరదనుకుంటే

సాఫ్ట్‌నర్‌కు ముందున్న బోరు నీళ్లు సగం, ఆర్‌ఓ సగం. జీహెచ్ 15కు లోపు వస్తే చాలు. అందులో 8 జీబ్రాలు, 10 చెర్రీ బార్బులు, అడుగున 6 అయిరై చేపలు. అయిరై దక్షిణ భారతంలోనూ శ్రీలంకలోనూ ఉండే చిన్న లోచ్, తమిళులు పులుసు పెట్టుకుంటారు. అక్వేరియం షాపుల్లో ఎప్పుడో గానీ రాదు, అడిగి తెప్పించుకోవాలి. గురామీ మాత్రం ఈ జాబితాలో వద్దు. జీబ్రాల హడావుడికి అది మేత దగ్గరికే రాదు.

గట్టి బోరు నీళ్లు వాడేవాళ్లకు ఇంకో దారి ఉంది, నాకు చాలా ఇష్టమైనది. గెలాక్సీ రస్బోరా అని అమ్మే సెలెస్టియల్ పెర్ల్ డానియో. 2006లో మయన్మార్ షాన్ పీఠభూమిలో బయటపడింది, 1 మీటరు కూడా లోతు లేని గడ్డి నీటి గుంటల్లో. ఆ గుంటలు సముద్ర మట్టానికి 1,000 మీటర్ల పైన ఉన్నాయి. బెంగళూరు దాదాపు 900. హీటర్ లేకుండా ఇక్కడ ఉండే నీటి వేడి దాని సొంత ఊరి వేడికి దగ్గర. గట్టి నీళ్లూ దానికి సమ్మతమే. 20 గెలాక్సీలు, ఓ 30 చెర్రీ రొయ్యలు, దట్టంగా జావా నాచు, అంతే. పెద్ద చేపలు ఏవీ వద్దు. 2–2.5 సెంటీమీటర్ల ఈ చేపలు చీమంత మేత తింటాయి. ఇవి ఒక్కటే ఉన్న ట్యాంకులో అవే గుడ్లు పెట్టి పెరుగుతాయి.

పశ్చిమ కనుమల చేపలు అడుగుతారేమో, ముందే చెబుతాను. డెనిసన్ బార్బు, మిస్ కేరళ అని పిలిచేది, 12–15 సెంటీమీటర్లు పెరుగుతుంది, 6 ఉండాలి, 5 అడుగుల ట్యాంకు కావాలి. సహజ స్థలాల్లో అంతరించే ప్రమాదంలో ఉన్న జాతి కూడా. పీ పఫర్ మరీ చిన్నదే గానీ తోటి చేపల రెక్కలు కొరుకుతుంది, కమ్యూనిటీ ట్యాంకు దానికి కాదు.

ఏ వరుసలో, ఎప్పుడు

మొక్కలు నాటి 3 వారాలైనంత మాత్రాన సైకిల్ (అమ్మోనియాను, నైట్రైట్‌ను మార్చేసే బాక్టీరియా ట్యాంకులో తగినంత పెరగడం) పూర్తయినట్టు కాదు. అమ్మోనియం క్లోరైడ్ 0.85 గ్రాము వేస్తే 135 లీటర్లలో అమ్మోనియా 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు) అవుతుంది. 24 గంటల తర్వాత అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపిస్తేనే పూర్తయినట్టు. చల్లటి నీళ్లలో ఇది సాగుతుంది. హీటర్ 26–27 దగ్గర పెడితే 4–6 వారాల్లో తేలుతుంది. ఉత్త ఆర్‌ఓ నీళ్లతో ట్యాంకు నింపినవాళ్లకు సైకిల్ మధ్యలో ఆగిపోతుంది. ఆ బాక్టీరియాకు కేహెచ్ కావాలి, అదే లేదు.

మీ పీహెచ్ ఎక్కువ కాబట్టి ఇక్కడ తొందర మరింత ప్రమాదం. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 అయితే మొత్తం అమ్మోనియాలో విషపూరిత రూపం 0.6 శాతం లోపే, పీహెచ్ 8 అయితే 5 శాతం దాటుతుంది. టెస్టులో ఒకే అంకె కనిపించినా, ఒక ట్యాంకులో చేపలు ఆడుకుంటాయి, ఇంకోదాంట్లో మొప్పలు మండి పైకి తేలతాయి.

సైకిల్ అయ్యాక ముందు 12 హార్లెక్విన్లు. 2 వారాలు ఆగి, అమ్మోనియా, నైట్రైట్ సున్నాగా నిలిస్తే చెర్రీ బార్బులు. ఇంకో 2 వారాలకు రొయ్యలు. కూలీలు 2 నెలలు గడిచి, అడుగున సన్నటి జీవజాలం పుట్టాక. గురామీలు అన్నిటికంటే చివర. మగ గురామీ ముందే వచ్చి ఒక మూల తనదనుకుంటే తర్వాత వచ్చినవాటిని తరుముతుంది.

ఏ చేపనైనా నేరుగా ట్యాంకులో వేయకండి. 40 లీటర్ల ప్లాస్టిక్ టబ్బు, స్పాంజి ఫిల్టర్, దాక్కోవడానికి ఒక గొట్టపు ముక్క పెట్టి 4 వారాలు విడిగా ఉంచి చూడండి. శివాజీనగర్ రస్సెల్ మార్కెట్ వైపు షాపుల్లో కొన్నా, ఇంటి దగ్గర కొన్నా ఇదే పద్ధతి. టీడీఎస్ పెన్ను జేబులో పెట్టుకుని షాపు నీళ్లు కొలవండి. మీ నీళ్లకూ వాటికీ 150కి మించి తేడా ఉంటే సన్న గొట్టంతో చుక్కలు చుక్కలుగా గంటన్నర సేపు నీళ్లు కలపండి.

ఆ 4 వారాల్లో ప్రత్యేకంగా వెతకాల్సింది కమల్లానస్ పురుగు. ఫారం గురామీలలో, బార్బులలో తరచూ ఉంటుంది. చేప కదలకుండా ఆగినప్పుడు మలద్వారం దగ్గర ఎర్రటి దారపు పోగులు బయటికి కనిపిస్తాయి. దీనికి లెవామిసోల్, గొర్రెలకు వాడే నట్టల మందు. లీటరుకు 2 మిల్లీగ్రాములు, అంటే 40 లీటర్లకు 80 మిల్లీగ్రాములు. వెలుతురు తగలకుండా కప్పి 24 గంటలు ఉంచి, అడుగు సైఫన్ చేసి సగం పైన నీళ్లు మార్చాలి. 3 వారాలకు మళ్లీ ఒకసారి. సీసా మీద లెవామిసోల్ ఒక్కటే ఉందా చూడండి. ఆక్సిక్లోజనైడ్ కలిపినవి కూడా అదే అరలో ఉంటాయి, అవి వద్దు.

మొక్కలు, వేడి

ఆసియా చేపలకు ఆసియా మొక్కలే దొరకడం ఒక అదృష్టం, అవే సులువైనవి కూడా. క్రిప్టోకోరైన్ వెండ్టీ, జావా ఫెర్న్, హైగ్రోఫిలా పాలీస్పెర్మా, రొటాలా రొటండిఫోలియా, జావా నాచు. సీఓటూ లేకుండానే బతుకుతాయి. నీళ్ల గుణం మారగానే క్రిప్ట్ ఆకులన్నీ కరిగిపోవచ్చు, పీకేయకండి, వేరు బతికే ఉంటుంది, 3–4 వారాల్లో మళ్లీ చిగురిస్తుంది. జావా ఫెర్న్ దుంపను ఇసుకలో పాతకండి, కుళ్లుతుంది, రాయికో కర్రకో దారంతో కట్టండి. రెండో జాబితా వాళ్లు వాలిస్నేరియా కూడా నాటొచ్చు, గట్టి నీళ్లలోని బైకార్బొనేట్‌నే అది వాడుకుంటుంది. లైటు మొదటి నెల 6 గంటలు చాలు.

బెంగళూరులో ఏసీ లేని ఇంట్లో ట్యాంకు వేడి డిసెంబర్, జనవరిలలో 20–22, ఏప్రిల్‌లో 27–28 మధ్య ఉంటుంది. రెండో జాబితాకు, గెలాక్సీలకు హీటర్ అక్కర్లేదు. మొదటి జాబితాకు 150 వాట్ల హీటర్ 24 దగ్గర పెట్టండి, కూలీలకు, గురామీలకు అది తప్పనిసరి. కరెంటు 3 గంటలకు మించి పోతే క్యానిస్టర్‌లో (ట్యాంకు బయట పెట్టే ఫిల్టర్ డబ్బాలో) నిలిచిన నీళ్లు పారబోసి, అప్పుడు ఆన్ చేయండి. ఆక్సిజన్ అయిపోయిన ఆ నీళ్లు నేరుగా ట్యాంకులోకి రాకూడదు.

చేపలు ఎక్కువై ఎవరికీ ఇవ్వలేకపోతే షాపుకు తిరిగి ఇవ్వండి. చెరువులో వదలకండి, మిగిలిపోయిన అజొల్లా కూడా డ్రైనేజీలో వేయకుండా ఎండబెట్టి కుండీల్లో వేసుకోండి.

మీరు ఇప్పుడు చేయాల్సింది చేపలు కొనడం కాదు. చేపలు లేవు కాబట్టి ట్యాంకు నీళ్లు మొత్తం మార్చుకునే వీలు ఇప్పుడే ఉంది. ముందుగా కొళాయి నీళ్ల జీహెచ్, కేహెచ్, సాఫ్ట్‌నర్‌కు ముందున్న నీళ్ల జీహెచ్, కేహెచ్ విడివిడిగా కొలిచి ఇక్కడే రాయండి. పైన ఇచ్చిన గ్రాముల లెక్క మీ నీళ్లకు సరిపడేలా సవరించి చెబుతాను.